'స్ఖొలే' : ఒక గ్రీకు పదం, దాని తీరిక, దాని చదువు – అర్థవిచారణ

కీలకపదాలు: స్ఖొలే, అస్ఖొలియా, తీరిక, సావకాశం, అరిస్టాటిల్, ప్లేటో, అనువాదం

ప్రవేశిక

విద్యాతత్త్వ గ్రంథాల మొదటి పుటల్లో తరచుగా ఎదురయ్యే వాక్యం ఒకటుంది. 'స్కూలు' అనే మాటకు మూలం ఒక గ్రీకు పదమనీ, దాని అర్థం 'తీరిక' అనీ ఆ వాక్యం చెబుతుంది. తరగతి గదిలో ఈ సంగతి చెప్పినప్పుడు విద్యార్థులకు నవ్వు రావడం సహజం. పుస్తకాల సంచి, గంట, హాజరు, పరీక్ష అనే నాలుగింటితో ఏర్పడిన వ్యవస్థకు తీరిక అని పేరుండటం వింతగానే తోస్తుంది. ఆ నవ్వుతో విషయం ముగిసిపోతుంది. ఆ పదాన్ని గ్రీకులు ఎక్కడెక్కడ, ఎవరి గురించి, ఎవరికి వ్యతిరేకంగా వాడారన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'స్ఖొలే' అంటే ఖాళీ సమయం కాదు, తన అధీనంలో ఉన్న సమయం అని నా ప్రతిపాదన. ఒకే విరామం యజమాని చేతిలో ఉంటే స్ఖొలే, బానిస చేతిలో ఉంటే సోమరితనం అవుతుంది. ఈ సంగతిని వదిలిపెట్టి చేసే వ్యుత్పత్తి ప్రశంసా, ఈ సంగతినొక్కదాన్నే పట్టుకొని చేసే తిరస్కారమూ రెండూ అసంపూర్ణమే.

లిప్యంతరీకరణ గురించి ఒక మాట. గ్రీకులో ఈ పదంలోని మొదటి అచ్చు హ్రస్వం, రెండవది దీర్ఘం, మధ్య హల్లు మహాప్రాణం. రోమన్ లిపిలో సాధారణంగా రాసేటప్పుడు మరుగునపడే హ్రస్వదీర్ఘ భేదం తెలుగు లిపిలో ఏ గుర్తులూ చేర్చకుండానే నిలుస్తుంది. అందువల్ల 'స్కోలే' అనక 'స్ఖొలే' అని రాస్తున్నాను.

ధాతువు, దాని దూరపు చుట్టాలు

నిఘంటుకారులు ఈ పదాన్ని 'ఎఖెయిన్' అనే క్రియతో కలుపుతారు. 'కలిగి ఉండు, పట్టుకొను, నిలువరించు' అని ఆ క్రియకు అర్థాలు. కాబట్టి స్ఖొలే అంటే తొలుత 'పట్టి నిలపడం', 'ఆపు', 'జాగు'. తీరిక అన్న అర్థం దాని మీద ఏర్పడింది. ప్రవాహం ఆగిపోవడానికీ, ప్రవాహాన్ని ఎవరో ఆపడానికీ భేదం ఉంది. ఈ పదం రెండవదాని వైపు మొగ్గుతుంది.

ఇదే ఇండో-యూరోపియన్ మూలం నుండి సంస్కృతంలో 'సహ్' ధాతువు వచ్చిందని తులనాత్మక భాషాశాస్త్రం అంగీకరిస్తుంది. వైదికభాషలో దానికి 'జయించు, అధిగమించు' అన్నవి ప్రధానార్థాలు. 'ఓర్చు' అన్న అర్థం తరువాత బలపడింది. తెలుగులో మనం నిత్యం వాడే 'సహనం', 'సాహసం' ఆ ధాతువు నుండి వచ్చినవే. ఇంగ్లీషు ద్వారా వచ్చిన 'స్కూలు', సంస్కృతం ద్వారా వచ్చిన 'సహనం' ఒకే ఇంటి పిల్లలన్నమాట. ఎన్నో వేల ఏళ్ల తరువాత తెలుగు వాక్యంలో కలుసుకున్నాయి. (ఉపాధ్యాయులకు ఈ బంధుత్వం కొత్తగా అనిపించకపోవచ్చు.) వినోదంగా కనిపించినా ఈ పోలిక నుండి గ్రహించవలసినది ఉంది. ఒత్తిడికి ఎదురు నిలిచే బలం అనే భావం రెండు శాఖల్లోనూ మిగిలింది. స్ఖొలేలో నిలిచినది కాలం ఒత్తిడికి ఎదురు.

చతుర్థీ విభక్తిలో ఈ పదం క్రియావిశేషణంగా మారి 'నెమ్మదిగా' అనే అర్థాన్నిస్తుంది. అక్కడి నుండి 'అరుదుగా', 'దాదాపు ఎన్నడూ కాదు' అనే అర్థానికి జారుతుంది. సోఫోక్లీస్ నాటకం 'యాంటిగొనీ'లో క్రెయాన్ కోపానికి జడిసి వెళ్లిన కావలివాడు, ఇక ఇటు వస్తే ఒట్టు అనుకున్నానని చెప్పుకోవడానికి వాడిన మాట ఇదే. తెలుగులో 'తీరినప్పుడు చూద్దాం' అన్న మాటకు ఆ పని జరగదనే అర్థమని వినేవాడికీ చెప్పేవాడికీ తెలుసు. తీరికను సూచించే మాట నిరాకరణగా మారడం రెండు భాషల్లోనూ ఒకే తర్కం మీద నడిచింది.

పనికి సొంత పేరు లేకపోవడం

గ్రీకులో 'పని ఒత్తిడి, వ్యాపృతి' అన్న భావానికి వాడే ప్రధాన పదాల్లో ఒకటి 'అస్ఖొలియా', అనగా స్ఖొలే లేకపోవడం. లాటిన్ కూడా ఇదే దారి పట్టింది. తీరికకు 'ఓతియుమ్' అనీ, వ్యవహారానికి దాన్ని నిషేధించి 'నెగోతియుమ్' అనీ పేరు పెట్టుకుంది. శ్రమను సూచించే స్వతంత్ర పదాలు గ్రీకులో లేకపోలేదు. 'పొనోస్', 'ఎర్గొన్' ఉన్నాయి. అయితే తీరికకు ఎదురుగా నిలబెట్టవలసి వచ్చినప్పుడు తీరికే భావరూపం, పని దాని అభావం. అరిస్టాటిల్ 'నికొమాకియన్ ఎథిక్స్' పదవ భాగంలో, శాంతి కోసం యుద్ధం చేసినట్లే తీరిక కోసం తీరిక లేకుండా ఉంటామని వాదించినప్పుడు ఆయన తర్కానికి సగం బలం ఈ పదనిర్మాణం నుండి వచ్చింది.

తెలుగు ఇందుకు భిన్నంగా ఆలోచించింది. 'తీరిక' అన్నది 'తీరు' క్రియ నుండి ఏర్పడిన మాట. పని తీరితే మిగిలేది తీరిక. మొదట పని, దాని శేషం విశ్రాంతి. 'సెలవు' మరొక దారి. దానికి 'అనుజ్ఞ' అన్న అర్థం నేటికీ జీవించే ఉంది. అంటే సెలవు ఒకరు ఇస్తే మరొకరు పుచ్చుకునేది. తీరిక పనికి లోబడింది, సెలవు అధికారికి లోబడింది. స్ఖొలేకు ఈ రెండింటిలో ఏదీ సరిపోదు.

సంస్కృత విద్యాసంప్రదాయంలోని 'అనధ్యాయం' ఇంకా విశేషమైనది. పాడ్యమి, అష్టమి వంటి తిథుల్లోనూ, ఉరుములు మెరుపుల వేళల్లోనూ వేదాధ్యయనం ఆపాలని ధర్మశాస్త్రాలు విధించాయి. ఆ విరామానికి పేరు అధ్యయనాన్ని నిషేధించడం వల్ల వచ్చింది. 'అస్ఖొలియా'లోని 'అ', 'అనధ్యాయం'లోని 'అన్' భాషాశాస్త్ర రీత్యా ఒకే ఉపసర్గ. గ్రీకు దాన్ని తీరికకు ముందు చేర్చి పనికి పేరు పెట్టింది. సంస్కృతం చదువుకు ముందు చేర్చి విరామానికి పేరు పెట్టింది. ఒకచోట చదువు తీరికలో భాగం, మరొకచోట చదువు ఆగితేనే తీరిక. 'స్కూలంటే తీరిక' అన్న వాక్యం మన చెవికి వింతగా తోచడానికి నేటి పరీక్షలు మాత్రమే కారణం కాదేమో.

తీరిక నుండి బడికి

ఈ పదం చదువు వైపు జరిగిన తీరు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. తీరిక, తీరికలో చేసే సంభాషణ, ఆచార్యుడి ఉపన్యాసం, దాన్ని వినే సమూహం, చివరకు ఆ సమూహం కూర్చునే చోటు. కొత్త నిబంధన 'అపొస్తలుల కార్యములు' 19వ అధ్యాయంలో పౌలు ఎఫెసులో ప్రతిదినం చర్చించింది తురన్ను అనేవాని 'స్ఖొలే'లో. తెలుగు బైబిలు దాన్ని పాఠశాల అని అనువదించింది. ఆనాటికి పదం చోటుగా స్థిరపడింది. గ్రంథాల అంచుల్లో రాసే వ్యాఖ్యకు 'స్ఖొలియొన్' అని పేరు వచ్చింది. చదువరికి 'స్ఖొలాస్తికొస్' అని పేరు వచ్చింది. 'ఫిలొగెలొస్' అనే ప్రాచీన గ్రీకు హాస్యకథల సంకలనంలో ఆ పేరుతో కనిపించేవాడు పుస్తకజ్ఞానం మెండుగా, లోకజ్ఞానం పూజ్యంగా ఉన్న మనిషి. మన పరమానందయ్య శిష్యులకు దూరదేశపు సహాధ్యాయి అనవచ్చు.

ఈ పరిణామంలో నాకు అత్యంత విలువైనదిగా తోచే స్థలం 'పాలిటిక్స్' అయిదవ భాగం 11వ అధ్యాయంలో ఉంది. నియంత తన పాలనను ఎలా కాపాడుకుంటాడో అరిస్టాటిల్ అక్కడ వివరిస్తాడు. సహపంక్తి భోజనాలను, మిత్రబృందాలను, విద్యను సాగనీయరాదు; స్ఖొలేలను, తీరికతో కూడే ఇతర గోష్ఠులను అనుమతించరాదు; మనుషులు ఒకరినొకరు తెలుసుకుంటే వారి మధ్య నమ్మకం పెరుగుతుంది కనుక అది జరగనీయరాదు. ఇక్కడ పదం బహువచనంలో ఉంది. అనువాదకులు కొందరు దీన్ని 'విరామాలు' అనీ, కొందరు 'విద్యాగోష్ఠులు' అనీ తీసుకుంటారు. ఏది సరైనదన్న వివాదం కంటే, ఆ రెండర్థాలూ విడదీయరానంతగా కలిసి ఉన్న క్షణాన్ని ఈ వాక్యం పట్టి ఇచ్చిందని గమనించడం ముఖ్యం. ఆ కలయికను గుర్తించినవాడు విద్యావేత్త కాదు, నియంత. నలుగురు తమ సమయాన్ని తాము పట్టుకుంటే ఏమవుతుందో అతడికి తెలుసు. అందుకే ప్రజలను పేదలుగా, తీరిక లేనివారుగా ఉంచుతాడని అదే అధ్యాయం చెబుతుంది. ఈజిప్టు పిరమిడ్లను, ఏథెన్సులో పెయిసిస్ట్రటస్ వంశీయుల జ్యూస్ ఆలయ నిర్మాణాన్ని ఉదాహరణలుగా చూపుతుంది.

ఎవరి తీరిక?

స్ఖొలేను కీర్తించిన అరిస్టాటిలే దాని ఖర్చును కూడా దాచకుండా లెక్కకట్టాడు. 'పాలిటిక్స్' రెండవ భాగంలో, చక్కగా నడవదలచిన రాజ్యంలో నిత్యావసరాల నుండి విముక్తి ఉండాలన్నది అందరూ ఒప్పుకున్నదే కాని, దాన్ని ఏ విధంగా సమకూర్చాలో చెప్పడం సులభం కాదంటాడు. వెంటనే థెస్సలీలోని పెనెస్తాయి, స్పార్టాలోని హెలట్లు అనే బానిసప్రాయులైన శ్రామికుల తిరుగుబాట్లను ప్రస్తావిస్తాడు. బానిసలకు స్ఖొలే లేదన్న సామెతను ఏడవ భాగంలో ఉదహరిస్తాడు. 'మెటాఫిజిక్స్' ఆరంభంలో గణితశాస్త్రాలు ఈజిప్టులో పుట్టడానికి కారణం అక్కడి పురోహిత వర్గానికి స్ఖొలే దొరకడమే అంటాడు. వీటిని కలిపి చదివితే, జ్ఞానం పుట్టుకకు తీరిక ఆధారం, తీరికకు ఇతరుల శ్రమ ఆధారం అన్న వరుస ఏర్పడుతుంది. ఈ వరుసను ఆయన సమర్థించాడన్నది వాస్తవం. దాన్ని కప్పిపుచ్చలేదన్నదీ వాస్తవమే.

ఈ పదాన్ని పై నుండి కిందికి చూసినప్పుడు అది ఎలా మారిపోతుందో హీబ్రూ బైబిలుకు వచ్చిన గ్రీకు అనువాదం చూపిస్తుంది. నిర్గమకాండం 5వ అధ్యాయంలో, తమ దేవునికి బలి అర్పించడానికి అనుమతి కోరిన ఇశ్రాయేలీయులను ఫరో గద్దిస్తాడు. గ్రీకు అనువాదకులు ఆ గద్దింపుకు 'స్ఖొలే' నుండి పుట్టిన క్రియను, 'స్ఖొలాస్తాయి' అనే నామవాచకాన్ని వాడారు. తెలుగు బైబిలులో ఆ స్థానంలో 'సోమరులు' అని ఉంది. ఇటుకల లెక్క తగ్గించకుండా గడ్డిని కూడా వారే తెచ్చుకోవాలన్న ఆజ్ఞ ఆ సందర్భంలోనిదే. ప్లేటో శిష్యుడికి గౌరవమైన పదం ఇటుకలు చేసే బానిసకు నేరారోపణ అయింది. పదం మారలేదు, దాన్ని ప్రయోగించే వ్యక్తి మారాడు.

ఇక్కడితో ఆగితే స్ఖొలే అంటే బానిసల యజమానుల విలాసమని తేల్చవచ్చు. చాలామంది విమర్శకులు అలా తేల్చారు కూడా. అయితే రెండు సాక్ష్యాలు అడ్డుపడతాయి. మొదటిది సోక్రటీస్. 'అపాలజీ'లో, దైవాజ్ఞగా తాను చేపట్టిన విచారణ వల్ల కలిగిన అస్ఖొలియా కారణంగా నగర వ్యవహారాలకు గాని, సొంత వ్యవహారాలకు గాని తనకు స్ఖొలే లేకపోయిందనీ, కటిక పేదరికంలో ఉన్నాననీ చెప్పుకుంటాడు. తత్త్వవిచారణ ఇక్కడ తీరిక కాదు, తీరిక లేని పని. ఆ వెంటనే, తన వెంట తిరిగే యువకులు అత్యంత ధనికుల కుమారులని, వారికే స్ఖొలే ఎక్కువని అంటాడు. శిక్షకు ప్రత్యామ్నాయం ప్రతిపాదించవలసి వచ్చినప్పుడు, నగరానికి మేలు చేసే పేదవాడికి స్ఖొలే అవసరం కనుక ప్రజాభవనంలో భోజనం పెట్టాలంటాడు. న్యాయమూర్తులకు అది పొగరుగా వినిపించి ఉండాలి. నా దృష్టిలో అది పొగరుతో పాటు ఒక సూటి విధాన ప్రతిపాదన కూడా.

రెండవ సాక్ష్యం ఆ ప్రతిపాదనకు దగ్గరగా ఉన్న ఏథెన్సు ఆచారమే. పెరిక్లీస్ కాలం నుండి న్యాయస్థానంలో కూర్చునే పౌరులకు దినభత్యం ఇచ్చేవారు. మొదట 2 ఒబోలులు, క్లియాన్ కాలంలో 3. సభకు హాజరైనవారికి భత్యం క్రీ.పూ. 403 తరువాత వచ్చింది. ఇలాంటి ప్రజాస్వామ్యంలో ధనికుల కంటే పేదలకే ఎక్కువ స్ఖొలే ఉంటుందని 'పాలిటిక్స్' నాలుగవ భాగంలో అరిస్టాటిల్ రాశాడు. ఆస్తి వ్యవహారాల బెడద ధనికులకు ఉంటుంది, పేదలకు ఉండదు అని కారణం చూపాడు. ఆయనకు ఇది నచ్చలేదు. రైతులు ఎక్కువగా ఉండి తరచుగా సభకు రాలేని ప్రజాస్వామ్యమే మేలని ఆరవ భాగంలో తేల్చాడు కూడా. అయినా ఆయన అయిష్టం మధ్య నుండే ఒక సత్యం బయటపడింది: స్ఖొలేను సమకూర్చడానికి బానిసత్వం ఒక్కటే మార్గం కాదు, ప్రజాధనం మరొక మార్గం. ఆ భత్యం పౌరపురుషులకే పరిమితమనీ, స్త్రీలూ బానిసలూ విదేశీ నివాసులూ దాని వెలుపల ఉన్నారనీ మరువరాదు. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్ ఈ భత్యానికి వారసురాలని అనుకుంటే, అది ఆలస్యమైన నెలల్లో ఈ పదానికి అర్థం నిఘంటువు లేకుండానే తెలుస్తుంది.

ఆధునికుల పఠనాలు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పదాన్ని తిరిగి చర్చలోకి తెచ్చినవారిలో జోసెఫ్ పీపర్ ముఖ్యుడు. యుద్ధానంతర జర్మనీ పునర్నిర్మాణ హడావుడిలో ఉండగా, 1948లో వెలువడిన తన గ్రంథంలో, తీరికే సంస్కృతికి పునాది అని వాదించాడు. తీరిక సోమరితనం కాదు, సత్యాన్ని స్వీకరించే మౌనస్థితి అని ఆయన చూపిన భేదం విలువైనది. శ్రామికుడి స్థితిని కూడా ఆయన చర్చించాడు. కాని గ్రీకు తీరిక ఎవరి శ్రమపై నిలిచిందన్న ప్రశ్న ఆయన వాదగతిని ఎక్కడా నిలువరించలేదు. అరిస్టాటిల్ లెక్కకట్టిన ఖర్చును పీపర్ చెల్లించకుండా దాటిపోయాడు.

హన్నా ఆరెంట్ 1958 నాటి 'ది హ్యూమన్ కండిషన్'లో, స్ఖొలే ప్రధానంగా రాజకీయ కార్యకలాపాల నుండి విముక్తి అని నిర్వచించింది. శ్రమ నుండి విముక్తి అనే అర్థం కూడా ఉందని అంగీకరించింది. ఈ నిర్వచనంతో నేను ఏకీభవించలేను. 'అపాలజీ'లో సోక్రటీస్ తనకు లేదన్నది నగర వ్యవహారాలు చూసుకునే స్ఖొలే. భత్యం పేదలకు ఇచ్చినది సభలోనూ న్యాయస్థానంలోనూ కూర్చునే స్ఖొలే. 'ఏథీనియన్ల రాజ్యాంగం' ప్రకారం పెయిసిస్ట్రటస్ రైతులకు అప్పులిచ్చి పొలాలకు పంపింది వారికి ప్రజావ్యవహారాలు పట్టించుకునే కోరిక గాని, స్ఖొలే గాని లేకుండా చేయడానికి. ఈ మూడు ప్రయోగాల్లోనూ రాజకీయమే స్ఖొలేకు విషయం. ఆరెంట్ చెప్పినది తత్త్వవేత్తల ఆదర్శానికి సరిపోతుంది. ఏథెన్సు వాడుకకు సరిపోదు.

పియేర్ బూర్దియూ 1997లో వెలువరించిన 'పాస్కలియన్ మెడిటేషన్స్'లో, పండితుడి చూపు తన వెనుకనున్న తీరికను మరచిపోతుందని, ఆ మరపు వల్లే ఇతరుల ఆచరణను తప్పుగా చదువుతుందని ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణ బలమైనది. పరిశోధన చేసే ప్రతివారికీ తగులుతుంది. కాని ఆయనకు స్ఖొలే ప్రధానంగా ఒక ప్రత్యేక హక్కు. జాక్ రాన్సియేర్ దాన్నే తిప్పి చూశాడు. బడి అంటే ఉత్పత్తి కాలం నుండి వేరు చేసిన కాలం. ఆ వేర్పాటు వల్లే అక్కడికి వచ్చినవారు, వచ్చినంతవరకు, సమానులవుతారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి కార్మికులు నిద్రపోవలసిన రాత్రులను చదువుకూ రాతకూ కేటాయించుకున్న చరిత్రను 1981లో పుస్తకంగా రాసినవాడు ఆయన. ఎవరూ ఇవ్వని తీరికను ఆ కార్మికులు నిద్ర నుండి పట్టి నిలిపారు. 'పట్టి నిలుపు' అన్న ధాత్వర్థానికి అంతకంటే తగిన ఉదాహరణ ప్రాచీన గ్రంథాల్లో నాకు కనిపించలేదు.

అనువాదం

తెలుగులో ఈ పదానికి ఏ మాట తగును? 'విశ్రాంతి' తగదు, అరిస్టాటిల్ 'పాలిటిక్స్' ఎనిమిదవ భాగంలో విశ్రాంతిని, ఆటను పనికి అనుబంధమైన ఔషధాలుగా చూసి, స్ఖొలేను వాటి నుండి స్పష్టంగా వేరుచేశాడు. 'విరామం' రెండు పనుల మధ్య ఖాళీ. 'తీరిక', 'సెలవు' పరిమితులు పైన చూశాం. తెలుగు బైబిలు అనువాదకులు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, ప్రార్థనకు సమయం ఇవ్వడం అన్న సందర్భంలో, 'స్ఖొలాజెయిన్' క్రియకు 'సావకాశము' అనే మాట వాడారు. నాకు అదే ఉత్తమంగా తోస్తుంది. అవకాశమంటే చోటు, ఎడం. దానితో కూడినది సావకాశం. 'సావకాశంగా' అన్నప్పుడు నెమ్మదితనమూ వస్తుంది, తొందరపెట్టేవారు లేరన్న ధ్వనీ వస్తుంది. ఆ ఎడాన్ని ఎవరు కల్పించారన్న ప్రశ్నకు మాత్రం ఇందులో జవాబు లేదు. అందువల్ల రాజకీయ సందర్భాల్లో మూలపదాన్ని అలాగే ఉంచి వివరించడం మంచిది.

నీటి గడియారం

స్ఖొలే స్వభావాన్ని ప్లేటో అత్యంత స్పష్టంగా నిలిపిన చోటు 'థియటీటస్' మధ్యలోని ప్రసంగాంతరం (172–177). మనకు సావకాశం ఉంది కదా అని థియొడొరస్ అన్న మాటతో అది మొదలవుతుంది. సోక్రటీస్ ఇద్దరు మనుషులను ఎదురెదురుగా నిలుపుతాడు. ఒకరు స్ఖొలేలో పెరిగినవారు. మాట ఒక విషయం నుండి మరొకదానికి వెళితే వెళ్లనిస్తారు, సత్యం దొరికితే చాలు. రెండవవారు న్యాయస్థానాల్లో తిరిగినవారు. పారే నీరు తొందరపెడుతుంది, ప్రతివాది అభియోగ పత్రాన్ని పట్టుకొని పక్కన నిలబడి ఉంటాడు, దాన్ని దాటి మాట్లాడరాదు. వారి స్థితి యజమాని ముందు వాదించుకునే బానిసది. ఆ భయం చిన్ననాటి నుండే మనసును వంకర చేస్తుందంటాడు.

పారే నీరు అలంకారం కాదు. ఏథెన్సు అగోరా తవ్వకాల్లో దొరికిన మట్టి నీటి గడియారం ఒకటి సుమారు 6.4 లీటర్లు పడుతుంది. అది ఖాళీ కావడానికి సుమారు 6 నిమిషాలు చాలు.

ఈ ఘట్టంలోనే నక్షత్రాలు చూస్తూ బావిలో పడిన థేలీస్ కథ వస్తుంది. అతణ్ణి చూసి నవ్వినది థ్రేస్ దేశపు పనిపిల్ల. ఆమె చమత్కారి, తెలివైనది అని ప్లేటో స్వయంగా చెబుతాడు. ఆకాశం చూడటానికి ఆమెకు సావకాశం ఉందా అన్న ప్రశ్నను సోక్రటీస్ అడగడు. ఆమెను నవ్వనిచ్చాడు, అంతే. తరువాతి వ్యాఖ్యాతలు థేలీస్ పక్షాన ఆమె నవ్వును అజ్ఞానంగా చదివారు. అది స్ఖొలే మీద వెలుపలి నుండి వచ్చిన విమర్శగా కూడా చదవవచ్చు.

సంభాషణ ముగింపులో సోక్రటీస్ లేస్తాడు. మెలెటస్ తన మీద వేసిన అభియోగానికి హాజరు కావడానికి రాజ ఆర్ఖాన్ మంటపానికి వెళ్లాలంటాడు. అది క్రీ.పూ. 399. సావకాశాన్ని ఇంతసేపు వర్ణించినవాడు నీటి గడియారం ఉన్న చోటికి నడుస్తున్నాడు. వెళ్లే ముందు థియొడొరస్‌తో, రేపు ఉదయం మళ్లీ ఇక్కడే కలుద్దామంటాడు. 'సోఫిస్ట్' సంభాషణ ఆ ఉదయం, ఆ మాట ప్రకారమే మొదలవుతుంది.